విప్పి బిగించినవి

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట మా ఆయన అంటాడు, మా ఆడపడుచు అంటుంది, తుపాకీ బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళు వీధి మలుపు తిరిగాక అంటారు. మా మామయ్య ఒక్కరే ఎన్నడూ అనలేదు. "కోపిష్టివాళ్ళ చెయ్యి వణకదు అమ్మాయ్, ఆకురాయి పట్టుకో," అని పెళ్ళైన మూడో నెలలోనే నన్ను తన బల్ల పక్కన కూర్చోబెట్టారు. ఆయన కన్నకొడుకేమో తూటా పేలితే చెవులు మూసుకునే రకం. పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళు చేస్తాడు. అలా మా ఇంట్లో ఒకాయన దవడలు కొలుస్తుంటే మేమిద్దరం బారెళ్ళు కొలిచేవాళ్ళం.

మా దుకాణం ఒక సన్నని సందు చివర ఉంది. ముందు గదిలో బల్ల, బల్లకి ఎదురుగా మసక గాజు కిటికీ. వెనక యాభై గజాల పొడవున రేకుల షెడ్డు. ఒకప్పుడు అందులో పడవలకి తాళ్ళు పేనేవారట, అందుకే దానికి ఆ పొడవు. షెడ్డు చివర ఇసుక బస్తాల గోడ. తుపాకీ ఎవరిదైనా సరే, ఆ బస్తాల ముందు కాగితం తగిలించి మూడు తూటాలు పేల్చి చూడనిదే మా గడప దాటదు. ఆ చిల్లుల కాగితాన్ని మడిచి, తుపాకీతో పాటు చేతికిస్తాం. ఇది మామయ్య పెట్టిన పద్ధతి. "మన మాట ఎవరికి కావాలి, కాగితం చూపించు," అంటారు.

మధ్యాహ్నం రెండు దాటాక ఆ కిటికీలోంచి వచ్చే వెలుగు పాలలా తెల్లగా ఉంటుంది. అప్పుడు మామయ్య ఒక బారెల్ తీసి కంటికి ఆనించి కిటికీ వైపు చూస్తారు. లోపల వెలుగు ఉంగరాలు ఉంగరాలుగా, ఒకదానిలో ఒకటి, చివరన చిన్న తెల్ల చుక్క దాకా పోతుంది. ఉంగరాలన్నీ నడిమధ్య ఉంటే బారెల్ తిన్నగా ఉన్నట్టు. ఒక్కటి పక్కకి ఒరిగినా అక్కడ వంకర. పని నేర్చుకునే రోజుల్లో నేను ఆ ఉంగరాలు చూస్తూ చూస్తూ కూర్చున్నచోటే నిద్రపోయేదాన్ని. వాటి లోపలికి నడిచి వెళుతున్నట్టు, పాదాల కింద ఇనుము చల్లగా తగులుతున్నట్టు, ఎంత నడిచినా ఆ తెల్ల చుక్క అంతే దూరాన ఉన్నట్టు కల వచ్చేది. మామయ్య లేపేవారు కాదు. నేనే లేచాక, "ఎంత దూరం వెళ్ళావు?" అని మాత్రం అడిగేవారు.

ఈ పనిలో తెలియాల్సింది పెద్ద ఎక్కువేం కాదు, కానీ తెలియకపోతే కొంప మునుగుతుంది. పిట్టల తుపాకీ మామూలుగా సీసపు గింజలు చిమ్ముతుంది. పెద్ద జంతువుకి గింజలు చాలవు, స్లగ్ కావాలి. అంటే బొటనవేలంత లావున ఒకే సీసపు గుండు. వాటిలో రెండు జాతులు. ఒకటి ఒంటి మీద ఏటవాలు గాట్లు ఉన్న గుండు, నున్నటి బారెల్ కోసం. రెండోది ప్లాస్టిక్ తొడుగులో కూర్చునే సన్న గుండు, లోపల మెలి తిరిగిన గాళ్ళున్న బారెల్ కోసం. ఆ గాళ్ళు తొడుగుని పట్టి తిప్పుతాయి, బయటికి రాగానే తొడుగు ఊడి గుండు గిర్రున తిరుగుతూ తిన్నగా పోతుంది. తొడుగు గుండుని తెచ్చి నున్న బారెల్‌లో పెట్టారనుకోండి, తిప్పేవాళ్ళు లేక అడ్డంగా పడి దొర్లుతుంది, కాగితం మీద గుండ్రటి చిల్లుకి బదులు తాళం కన్నం పడుతుంది. ఇక బారెల్ మూతి దగ్గర బిగించే చిన్న గొట్టాన్ని చోక్ అంటాం, ఎంత బిగుతో దాని అంచు మీద గాట్లు చెబుతాయి. బిగుతు చోక్ గింజల్ని ఒక గుప్పిట్లో ఉంచుతుంది. స్లగ్‌కి మాత్రం మూతి తెరిచి ఉండాలి. బిగుతు చోక్‌లోంచి దూరితే మెత్తటి సీసం నలిగి, గుండు ఎటు పోతుందో దానికే తెలియదు.

మామయ్య ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి. అలాంటిది రెండేళ్ళ కిందట ఒక రోజు నున్న బారెల్‌కి తొడుగు గుండ్లు జత చేశారు. షెడ్డులో పేల్చి కాగితం తీసుకొచ్చి నా ముందు పరిచారు. మూడూ తాళం కన్నాలే. "చూడు అమ్మాయ్, చేపలు ఈదుతున్నాయి," అన్నారు మురిసిపోతూ. నవ్వబోయి ఆగిపోయాను. ఆయన హాస్యమాడటం లేదు.

అప్పటి నుంచి ఆయనకి కలకీ మెలకువకీ మధ్య తడిక పల్చబడింది. కలలో బిగించిన మర కోసం పొద్దున్నే వెతికేవారు. "నిన్న ఏటి మీద నడిచాను, నీళ్ళు బారెల్ లోపల ఉన్నంత నునుపు," అని టీ తాగుతూ చెప్పేవారు, బజారుకి వెళ్ళొచ్చినంత మామూలుగా. చెప్పొద్దూ, వినడానికి నాకు ఇష్టంగానే ఉండేది. కానీ తుపాకీ పట్టుకుని వెళ్ళేవాళ్ళు ఏటి మీద నడవరు కదా.

అందుకని నేనొక పని మొదలుపెట్టాను. సాయంత్రం ఆయన పని ముగించి స్నానానికి మేడ మీదకి వెళ్ళగానే, ఆయన చేసిన ప్రతి తుపాకీనీ బల్ల మీదకి దించి, దానికి కట్టిన పని చీటీలో ఏం రాసి ఉంటే దాని ప్రకారం మళ్ళీ మొదటి నుంచి నేనే చేసేదాన్ని. చోక్ విప్పడం, వేరేది బిగించడం, తూటాల పెట్టె మార్చడం. మర్నాడు ఆయన టీకి వెళ్ళినప్పుడు షెడ్డులో పేల్చి కొత్త కాగితం పెట్టేదాన్ని. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు సాగింది వ్యవహారం. నా నోట్లో నువ్వు గింజ నానదని మా ఆయన వెక్కిరిస్తాడు. ఈ గింజ మాత్రం రెండేళ్ళు నానింది, ఆయనక్కూడా చెప్పలేదు.

వచ్చినవాళ్ళు, "పెద్దాయన చెయ్యి ఏమాత్రం తగ్గలేదు," అని మెచ్చుకుంటే మామయ్య తల వంచుకుని చేతులు తుడుచుకునేవారు, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు. ఆ మొహం చూస్తే నాకు కడుపు నిండేది. ఆ బల్ల దగ్గర నుంచి లేపేస్తే ఆయన ఇక దేనికీ లేవరని నాకు తెలుసు.

మా ఆడపడుచుని ఇంట్లో అందరూ పిడుగు అంటారు. పుట్టినప్పుడు ఏడ్చిన ఏడుపుకి పెట్టిన పేరట, ఇప్పటికీ సరిపోతుంది. ఊరి బయట జమ్ము మడుగుల దగ్గర గార్డు ఉద్యోగం. ఒక రోజు మధ్యాహ్నం బురద బూట్లతో నేరుగా నేను తుడిచిన నేల మీదికి వచ్చి, తుపాకీ బల్ల మీద పెట్టింది.

"నాన్నా, అడవిపంది ఒకటి తిరగబడుతోంది. కాలికి ఎవరో వేసిన ఉచ్చు తీగ దిగబడి కుళ్ళింది, పాపం పిచ్చెక్కినట్టుంది. మొన్న జమ్ము కోసే ఆవిడ తొడ చీల్చేసింది. రేపు పొద్దున్నే దాన్ని కొట్టమని పైనుంచి కాగితం వచ్చింది."

"ఎంత దూరం నుంచి?" అన్నారు మామయ్య.

"మంచు లేకపోతే యాభై గజాలు. ఉంటే ముప్పై. మొదటి దెబ్బకే పడాలి నాన్నా. పడకపోతే అది నా మీదకే వస్తుంది, జమ్ములో పరిగెత్తడానికి చోటుండదు."

"సరేలే, నేను చూస్తాను ఇలా ఇవ్వు," అని నేను చెయ్యి చాపాను.

పిడుగు తుపాకీని వాళ్ళ నాన్న వైపు జరిపింది. "నువ్వేమీ అనుకోకు వదినా. నా తుపాకీ నాన్నే చూడాలి. నీ చేతికిస్తే తుపాకీతో పాటు నాకూ నాలుగు తిట్లు బిగిస్తావు."

"తిట్లకి చీటీ అక్కర్లేదు, ఊరికే ఇస్తాను," అన్నాను. మామయ్య నవ్వారు. అప్పటికే ఆయన చూపు బారెల్ మీదే ఉంది.

ఆ తుపాకీ పాతది. దాని మూతి మరలకి కంపెనీ చోక్‌లు పట్టవు. పద్దెనిమిదేళ్ళ కిందట కూతురికి ఉద్యోగం వచ్చినప్పుడు మామయ్యే లేత్ మీద ఐదు చోక్‌లు తిప్పి, అంచుల మీద గాట్లు పెట్టి, చెక్కపెట్టెలో వరసగా అమర్చి ఇచ్చారు. ఆ పెట్టె మా దగ్గరే ఉండేది. చీటీ ఆయనే రాసుకున్నారు: నున్న బారెల్, గాట్ల గుండు, తెరిచిన చోక్. అక్షరాలు వంకర పోయినా మాట సరైనదే. నేను పార్సిల్ ఆఫీసుకి వెళ్ళాల్సి ఉంది, స్ప్రింగుల కట్ట వచ్చిందని కబురు. వెళ్ళాను. అక్కడ ఒక గంట నిలబెట్టారు, నేను ఒక అరగంట అరిచాను.

తిరిగి వచ్చేసరికి కిటికీ వెలుగు పసుపు రంగుకి తిరిగింది. మామయ్య కుర్చీలో వెనక్కి వాలి, ఒళ్ళో తుపాకీ పెట్టుకుని, కళ్ళు సగం మూసుకుని ఉన్నారు. దుమ్ము రేణువులు ఆయన చుట్టూ నెమ్మదిగా తేలుతున్నాయి.

"ఇవాళ మంచి రోజు అమ్మాయ్," అన్నారు కళ్ళు తెరవకుండానే. "అన్నీ తేటగా కనిపించాయి. ఉంగరాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టాను."

"మంచిది మామయ్యా. స్నానానికి వేళయింది, వెళ్ళండి," అన్నాను. ఆయన రోజూ మంచి రోజనే అంటారు.

ఆయన మెట్లెక్కిన చప్పుడు అయ్యాక తలుపు దగ్గరికి వేసి, తుపాకీని బల్ల మీద పెట్టాను. చోక్ విప్పి పెట్టెలో పడేశాను. చీటీ చూశాను: తెరిచినది. పెట్టెలోంచి ఐదు గాట్లున్నది తీసి బిగించాను. తూటాల మీద గాట్ల గుండు బొమ్మ ఉంది, సరే. బయట చీకటి పడుతోంది, షెడ్డులో చీకట్లో పేల్చే అలవాటు లేదు. తుపాకీ కోసం పిడుగు మళ్ళీ వచ్చేసింది. మామయ్య కిందికి దిగి, చొక్కా జేబులోంచి మడిచిన కాగితం తీసి ఆమె చేతిలో పెట్టారు. ఈ మధ్య పాత కాగితాలే మడిచి ఇస్తున్నారని నాకు తెలుసు కనుక పట్టించుకోలేదు. కూతురి తల మీద కాసేపు చెయ్యి ఉంచారు. పిడుగు వెళ్ళిపోయింది.

ఆ రాత్రి బాగా నిద్రపట్టింది నాకు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పొద్దున కళ్ళు తెరిచేసరికి సందు నిండా మంచు. ఎదురింటి గోడ కూడా లేదు. కింద వెలుగు కనిపించి దిగాను. మామయ్య స్వెటరు వేసుకుని బల్ల దగ్గర కూర్చున్నారు. చెక్కపెట్టె తెరిచి ఉంది. ఆయన అరచేతిలో చిన్న చోక్ ఒకటి ఉంది.

"ఇది ఇక్కడ ఎందుకుంది అమ్మాయ్?"

"ఏది మామయ్యా?"

"ఒక గాటుది. నిన్న దీన్ని పిడుగు తుపాకీకి బిగించాను కదా. బిగించి, షెడ్డులో మూడు పేల్చాను కూడా. మూడూ అరచేతి వెడల్పులో పడ్డాయి." ఆయన చోక్‌ని వేళ్ళ మధ్య తిప్పి చూశారు. "బిగించానా? బిగించినట్టు కలగన్నానా?"

"ఒక గాటు అంటే బిగుతుది కదా మామయ్యా. స్లగ్‌కి ఐదు గాట్లదే కదా తెరిచినది."

"అది కంపెనీవాళ్ళ లెక్క. నాది నా లెక్క. ఒక గాటు అంటే ఒక్క పిసరు బిగుతు. ఐదు గాట్లు అంటే మహా బిగుతు, పైన ఎగిరే బాతుల కోసం చేసింది. నీకు అప్పుడే చెప్పాను. లోకమంతా ఒక దారి, మీదొక దారి అని నా మీద కేకలేశావు కూడా."

వేశాను. పద్దెనిమిదేళ్ళ కిందట, ఇదే బల్ల దగ్గర. ఈ పద్దెనిమిదేళ్ళూ రోజుకి పది కంపెనీ చోక్‌లు చేతిలో తిప్పి తిప్పి, ఐదు గాట్లు తగిలితే తెరిచినదని నా వేళ్ళకి అలవాటైపోయింది. పక్కనే గోడకి ఇత్తడి కొలబద్ద వేలాడుతోంది. మూతిలో దూర్చి చూస్తే సరిపోయేది. నేను చూడలేదు.

"ఐదు గాట్లది ఏదీ?" అన్నారు మామయ్య, పెట్టెలోని ఖాళీ గుంట మీద వేలు పెట్టి.

ఆయన చేతిలోంచి చోక్ లాక్కుని, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా స్కూటర్ తీశాను. పిడుగుకి ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. వేటకి దిగేటప్పుడు ఆపేస్తుంది, అది వాళ్ళ నియమం.

ఆ దారి నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. నిజంగా వెళ్ళినప్పుడు కూడా కలలానే ఉంది. ముందు నాలుగు మూరల రోడ్డు తప్ప లోకం లేదు. దీపస్తంభాలు ఒక్కొక్కటే మంచులోంచి వచ్చి, చుట్టూ తెల్లటి ఉంగరం వేసుకుని, వెనక్కి పోతున్నాయి. ఉంగరం తర్వాత ఉంగరం. ఎంత తోలినా ఎక్కడికీ చేరడం లేదు. చోక్‌ని ఎడమ అరచేతికీ హ్యాండిల్‌కీ మధ్య నొక్కి పట్టుకున్నాను, దాని మర అంచులు చర్మంలో దిగాయి. నోటికొచ్చినట్టు తిట్టుకుంటున్నాను, మంచుని, పందిని, ఉచ్చు వేసిన వెధవని, అందరికంటే ఎక్కువగా నన్ను. తిట్లు నోట్లోంచి ఆవిరిగా వచ్చి మొహానికే తగిలాయి.

గట్టు దగ్గర ఆపి దిగాను. జమ్ము నా తల కంటే ఎత్తు. కొసలు కనబడటం లేదు. ఎక్కడో నీటికోడి ఒకసారి కూసి ఊరుకుంది. "పిడుగూ," అని అరవబోయి నోరు నొక్కుకున్నాను. అరిస్తే పంది కదులుతుంది, అది కదిలితే ఎటు వస్తుందో తెలియదు. అరవకపోతే ఆమె పేలుస్తుంది. జీవితంలో అరవాల్సిన ఒకే ఒక్క సమయంలో నా నోరు పెగల్లేదు.

తూటా పేలింది. మంచులో ఆ చప్పుడు మెత్తగా, చాలా దూరాన దుప్పటి దులిపినట్టు వినిపించింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత జమ్ము విరుగుతున్న చప్పుడు, ఆగకుండా, ఒకే వరసలో. మళ్ళీ తూటా. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం.

మోకాళ్ళ లోతు నీళ్ళలో ఎలా పరిగెత్తానో తెలియదు. పిడుగు బురదలో కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర వంగకూడని వైపు వంగి ఉంది. కుడి బూటు మడమ దాకా చీలిపోయింది. ఆమె కాళ్ళకి జానెడు దూరంలో పంది పక్కకి పడి ఉంది, దాని కాలికి తీగ ఇంకా వేలాడుతోంది. బురదలో పడి ఆమెని పట్టుకుని ఏడ్చాను. ఏడవడం నాకు చేతకాదు, దగ్గులా వచ్చింది.

"ముప్పై గజాలు వదినా," అంది పిడుగు. పళ్ళు టకటకలాడుతున్నాయి. "ముప్పై గజాల్లో, ఆనుకుని, ఊపిరి బిగబట్టి కొట్టాను. రెండు మూరలు పక్కకి పోయింది. నేను అలా కొట్టను. నీకు తెలుసు నేను అలా కొట్టను."

"తెలుసు."

"నాన్న పాత కాగితం ఇచ్చాడు. అసలు పేల్చి చూశాడో లేదో." జేబులోంచి తడిసిన కాగితం తీసి పడేసింది. "నాన్న పని అయిపోయింది వదినా."

కాగితం తీశాను. మూడు గుండ్రటి చిల్లులు, ఒకదాన్ని ఒకటి తాకుతున్నంత దగ్గరగా. కింద వంకర అక్షరాలతో నిన్నటి తేదీ. దాని పక్కన: "ఒక గాటు. పిడుగు కోసం." దాన్ని మడిచి గుప్పిట్లో పెట్టుకున్నాను. ఆ గుప్పిట్లోనే చోక్ కూడా ఉంది. గట్టు మీద నుంచి తోటి గార్డు కేకేస్తూ దిగి వచ్చాడు, ఇద్దరం కలిసి ఆమెని మోశాం.

ఆసుపత్రి గదిలో చేతికి కట్టు వేశారు. పదకొండు గంటలకి మంచు విడిపోయి కిటికీలోంచి ఎండ పడింది. మా ఆయన మామయ్యని తీసుకొచ్చాడు. ఆయన ఇంటి స్వెటరులోనే ఉన్నారు, వేళ్ళకి నూనె అలాగే ఉంది. కూతురి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, కట్టు మీద చెయ్యి పెట్టబోయి, నూనె చూసుకుని వెనక్కి తీసుకున్నారు.

"నాన్నా, నేనొకటి చెప్తాను, కోపం తెచ్చుకోకు," అంది పిడుగు. గొంతు మెత్తగా ఉంది, దానికే నాకు భయమేసింది. "ఇక బల్ల దగ్గర కూర్చోకు. ఇవాళ నేను కాబట్టి సరిపోయింది. రేపు ఇంకెవరైనా అయితే? నా దగ్గరికి వచ్చెయ్. పైగది ఎండ బాగా వస్తుంది."

"అవునమ్మా," అన్నారు మామయ్య వెంటనే. "నేనూ అదే అనుకుంటున్నాను దారంతా. బిగించాననే అనుకున్నాను. మూడు పేల్చాననీ అనుకున్నాను, చప్పుడు కూడా విన్నాను. కల అయి ఉంటుంది. ఈ మధ్య కలల్లో కూడా కొలతలు సరిగ్గా వస్తున్నాయి, తేడా తెలియడం లేదు." జేబులోంచి దుకాణం తాళంచెవి తీసి నా వైపు చాపారు. "నీ దగ్గరుంచు అమ్మాయ్."

తాళంచెవి తీసుకుంటే అయిపోతుంది. ఆ సంగతి నాకు ఎంత స్పష్టంగా తెలిసిందంటే, నా చెయ్యి సగం లేచింది కూడా. నోరు మూసుకుంటే ఆయన చేయని తప్పుకి బల్ల వదిలి పైగదిలో ఎండ చూస్తూ కూర్చుంటారు, తన మెదడు తనని మోసం చేసిందనుకుంటూ. నోరు తెరిస్తే రెండేళ్ళుగా తను చేశాననుకున్నదేదీ తనది కాదని తెలుస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాకోసం నేను భయపడ్డానా అంటే, పడ్డాను. అబద్ధం ఎందుకు.

గుప్పిట తెరిచి కాగితాన్నీ చోక్‌నీ మంచం మీద పెట్టాను.

"కల కాదు మామయ్యా. మీరు బిగించారు, పేల్చారు, సరిగ్గా చేశారు. మీరు స్నానానికి వెళ్ళాక దాన్ని నేను విప్పాను. ఐదు గాట్లది బిగించింది నేను."

"నువ్వెందుకు విప్పావు?" అన్నాడు మా ఆయన.

"రోజూ విప్పుతాను. మామయ్య చేసిన ప్రతిదీ రోజూ సాయంత్రం విప్పి మళ్ళీ నేనే బిగిస్తాను. తాళం కన్నాలు పడ్డ రోజు నుంచి."

పిడుగు నా వైపు చూసిన చూపుని వర్ణించను. "నా ప్రాణం పోయేది వదినా," అంది చివరికి, చాలా నెమ్మదిగా. "పైగా నాన్నని అన్నాను." తిట్టి ఉంటే బాగుండేది. తిట్లు నాకు అలవాటే.

మామయ్య మాత్రం కాగితాన్ని దగ్గరికి తీసుకుని, చిల్లుల మీద వేలి కొసతో తడిమారు. ఒకటి, రెండు, మూడు. తన అక్షరాల్ని తనే చదువుకున్నారు. మొహంలో ముందు తేలిక కనిపించింది, తన చేతులు తనని మోసం చేయలేదన్న తేలిక. తర్వాత నా మాట లోపలికి దిగినట్టుంది. కాగితాన్ని పాత మడతల వెంటే మడిచారు. బయట వరండాలో చక్రాల బల్ల ఒకటి కిర్రుమంటూ పోయింది.

"రెండేళ్ళు," అన్నారు.

"అవును మామయ్యా."

"మొత్తం ఎన్ని ఉంటాయి?"

"మూడు వందల పైనే."

ఆయన తల పంకించారు. కోపం లేదు. కోపం ఉంటే నేను నిలబడగలిగేదాన్ని. స్టూలు కొంచెం ముందుకి జరుపుకుని, పని మధ్యలో ఏదైనా కొలత అడిగినప్పుడు చూసినట్టే నా మొహంలోకి చూశారు. కళ్ళు తేటగా ఉన్నాయి. ఆ కళ్ళలో ఒక ఆశ ఉంది, దాన్ని చూడలేకపోయాను.

"ఆ మూడు వందల్లో, నేను సరిగ్గా చేసినవి ఎన్ని అమ్మాయ్?"

వెంట్రుకవాసి తేడా వస్తే ఊరంతా వినబడేలా అరిచే మనిషిని. ఎవరి మాటా నమ్మను, కొలబద్ద పెట్టి చూసుకుంటాను. రెండేళ్ళ సాయంత్రాలు, మూడు వందల తుపాకీలు. ఆయన బిగించినదాన్ని చేతిలోకి తీసుకున్నాను, పక్కన పడేశాను.

"చూడలేదు మామయ్యా," అన్నాను. "విప్పేదాన్ని, మళ్ళీ బిగించేదాన్ని. విప్పినవి ఎలా ఉన్నాయో ఒక్కనాడూ కొలవలేదు."

అంకె చెబుతానేమోనని ఆయన ఇంకా నా మొహం వైపే చూస్తున్నారు.